టీనేజీ మెదడు: తెలివికి లోటు లేదు, నిద్రకే కరువు

ఇంటర్ సెకండియర్ కుర్రాడు. ఇంటిగ్రేషన్ లెక్క ఇస్తే మూడు నిమిషాల్లో చేసి పడేస్తాడు. కెమిస్ట్రీలో ఏ రియాక్షన్ తర్వాత ఏది వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అదే కుర్రాడు ఆదివారం సాయంత్రం ఇద్దరు ఫ్రెండ్స్‌ని వెనక ఎక్కించుకుని, హెల్మెట్ లేకుండా, రాంగ్ రూట్‌లో బండి తోలుకుంటూ ఎదురొస్తాడు. "ఇంత చదువుతావు, ఆ మాత్రం తెలియదా?" అని ఇంట్లో కోప్పడతారు. తెలుసు. కూర్చోబెట్టి అడిగితే ఏ స్పీడులో వెళ్తే బండి ఎంత దూరంలో ఆగుతుందో ఫిజిక్స్ ఫార్ములాతో సహా చెబుతాడు.

ఈ చిక్కుముడి మన ఇళ్లలోనే కాదు, ఎక్కడ చూసినా ఉన్నదే. 11 దేశాల్లో 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న ఐదు వేల మందికి పైగా పరీక్షలు పెట్టి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ఆ 11 దేశాల్లో మనదీ ఒకటి. తీరిగ్గా కూర్చుని ఆలోచించే శక్తి దాదాపు పదహారేళ్లకే పెద్దవాళ్ల స్థాయికి చేరుతోందని అందులో తేలింది. తమాయించుకోవడం, తోటివాళ్ల మాటకు కొట్టుకుపోకుండా నిలబడటం, రేపటి కోసం ఇవాళ ఆగడం మాత్రం పద్దెనిమిది దాటాక కూడా ఇంకా పెరుగుతూనే కనిపించాయి.

కాబట్టి ఆ కుర్రాడికి తెలివి తక్కువని అనుకోనక్కర్లేదు. ఉన్న తెలివి ఎప్పుడు అక్కరకొస్తుంది, ఎప్పుడు చేతులెత్తేస్తుంది అన్నదే చూడాలి. నిద్ర చాలనప్పుడు, నలుగురు ఫ్రెండ్స్ చుట్టూ ఉన్నప్పుడు, టెన్షన్‌లో ఉన్నప్పుడు అది చేతులెత్తేస్తుంది. వీటిలో చాలావరకు మార్చుకోగలిగినవే. ఈ వయసులో ఆరోగ్యం చూసుకోవడం అంటే పెద్ద పెద్ద సూత్రాలేమీ అక్కర్లేదు, ఆ పరిస్థితుల్ని కాస్త చక్కబెట్టుకుంటే చాలు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం ఇంటర్ చదువు పేరుతో అన్నిటికంటే ముందు పాడుచేసేది నిద్రనే. దాని గురించి ఎక్కువ చెప్పుకోవాలి. అంతకంటే ముందు, లోపల జరిగేదేమిటో కొంచెం చూద్దాం.

ఒత్తుగా మొలిచాక పలచన

ఆరేళ్లు వచ్చేసరికే పిల్లల మెదడు సైజులో పెద్దవాళ్ల మెదడుకు దాదాపు 90 శాతం ఉంటుంది. అందుకే చాలాకాలం డాక్టర్లు కూడా మెదడు పని చిన్నప్పుడే అయిపోతుందని అనుకునేవాళ్లు. షికాగో యూనివర్సిటీలో పీటర్ హుటెన్‌లాకర్ అనే నరాల డాక్టర్, చనిపోయినవాళ్ల మెదడు ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి, నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఆ చోట్లను సినాప్స్ అంటారు. 1979లో ఆయన ప్రచురించిన లెక్కల ప్రకారం పసితనంలో ఇవి విపరీతంగా పెరుగుతాయి, పెద్దవాళ్లకు ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ ఉంటాయి. ఆ తర్వాత టీనేజీ దాటేలోపు చాలా భాగం పోతాయి.

పోవడమంటే నష్టమని కంగారుపడొద్దు. విత్తనం ఒత్తుగా చల్లిన చేలో మొలకలు వచ్చాక కొన్ని పీకేసి పలచన చేస్తారు కదా, అలాంటిదే ఇది. ఎక్కువగా వాడిన కనెక్షన్లు గట్టిపడతాయి, వాడనివి పోతాయి.

బతికున్న పిల్లల్లో ఇది చూడగలిగింది ఎమ్మారై స్కానింగ్ వచ్చాకే. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం అదే పిల్లల్ని రెండేసి సంవత్సరాలకోసారి పిలిచి మళ్లీ మళ్లీ స్కాన్ చేసింది. నుదుటి వెనక భాగంలో గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు కిక్కిరిసి ఉండే బూడిద రంగు పొర, ఆడపిల్లల్లో సుమారు 11 ఏళ్లకు, మగపిల్లల్లో సుమారు 12 ఏళ్లకు గరిష్ఠానికి చేరి, అక్కణ్నుంచి తగ్గుతూ వస్తుందని 1999లో వాళ్లు చూపించారు. తగ్గడం కూడా అన్నిచోట్లా ఒకేసారి జరగదు. చూపు, కదలికలు, స్పర్శ వంటి పనులు చూసే భాగాలు ముందు పక్వానికి వస్తాయి. ప్లాన్ వేయడం, కోపం ఆపుకోవడం, "ఇప్పుడు కాదు, తర్వాత" అనుకోవడం వంటి పనులు చూసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ బాగా చివర్లో వస్తుంది. మరోవైపు నాడీకణాల పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చేరుతూ ఉంటుంది. ఆ పొర ఉన్న పోగులో సంకేతం, లేనిదానితో పోలిస్తే చాలా రెట్లు వేగంగా వెళ్తుంది. ఈ పని ఇరవైల్లో కూడా సాగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట. "25 ఏళ్లు వచ్చేదాకా మెదడు పూర్తవదట" అని ఈమధ్య ఎవరిని కదిపినా అంటున్నారు. ఇరవయ్యయిదో పుట్టినరోజు నాడు మెదడులో ప్రత్యేకంగా జరిగేదేమీ లేదు. ఒక్కో భాగానికి ఒక్కో వేగం, ఒక్కో మనిషికి ఒక్కో వేగం. కొన్ని మార్పులు ముప్పైల్లో కూడా కనిపిస్తాయి. ఈ 25 మాటను పెద్దవాళ్లు "నీకేం తెలీదు, నోర్మూసుకో" అనడానికి వాడుతున్నారు, పిల్లలేమో "నా బ్రెయిన్ ఇంకా డెవలప్ కాలేదు, నేనేం చేయను" అనడానికి వాడుతున్నారు. రెండూ తప్పే. పదహారేళ్ల మనిషికి పద్ధతి ప్రకారం ఆలోచించే శక్తి ఉంది, సమయం ఇచ్చి అడిగితే అది బయటికొస్తుంది.

నలుగురు చూస్తుంటే

అమెరికాలోని టెంపుల్ యూనివర్సిటీలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. మొత్తం 306 మంది. 13–16 ఏళ్లవాళ్లు, 18–22 ఏళ్లవాళ్లు, 24 దాటినవాళ్లు. అందరికీ ఒకే వీడియో గేమ్. కారు నడుస్తుంటుంది, సిగ్నల్ పసుపులోకి మారుతుంది. ఆపకుండా ఇంకొంచెం ముందుకు పోతే పాయింట్లు పెరుగుతాయి, ఏ క్షణాన గోడ అడ్డమొచ్చి గుద్దుకుంటుందో తెలియదు. కొందరు ఒంటరిగా ఆడారు, కొందరు తమ ఈడువాళ్లు ఇద్దరు పక్కనుండగా ఆడారు.

పక్కన ఫ్రెండ్స్ ఉన్నప్పుడు చిన్నవాళ్లు తెగించి ముందుకు పోయారు. 24 దాటినవాళ్ల ఆటలో పక్కన మనుషులున్నా లేకున్నా పెద్ద తేడా రాలేదు. తర్వాత 2011లో ఇలాంటి గేమే స్కానర్‌లో ఆడించారు. ఫ్రెండ్స్ పక్క గదిలో ఉండి స్క్రీన్ మీద చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజర్ల మెదడులో బహుమతికి స్పందించే భాగాలు ఎక్కువగా వెలిగాయి. ఎవరూ రెచ్చగొట్టలేదు. "దమ్ముంటే చెయ్యిరా" అనలేదు. చూస్తున్నారు, అంతే.

ఈడువాళ్లు చూడటమే ఆ వయసులో ఒక బహుమతి. నాకు దీనిలో లోపమేమీ కనిపించదు. ఇల్లు వదిలి బయటి ప్రపంచంలో చోటు సంపాదించుకోవాల్సిన వయసు అది. తోటివాళ్ల మెప్పు పట్టకపోతే ఆ పని జరగదు. కబడ్డీ టీమ్‌లో చేరినవాడు తెల్లారి ఐదింటికి గ్రౌండ్‌కి పరిగెత్తేదీ, క్లాసులో నలుగురమ్మాయిలు కలిసి కూర్చుని బోటనీ రికార్డు పూర్తి చేసేదీ ఇదే శక్తితో. బండి మీద ముగ్గురు ఎక్కినప్పుడు మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

అందుకని ఫ్రెండ్స్‌ని మానెయ్యమనడం జరిగే పని కాదు. జరిగేది ఏమిటంటే, నలుగురూ పోగవకముందే నిర్ణయం అయిపోయి ఉండటం. "నేను ట్రిపుల్స్ ఎక్కను, ఆటోలో వచ్చేస్తా" అన్నది ఇంట్లో ఉన్నప్పుడు అనుకోవాలి, జేబులో ఆటో డబ్బులు ఉండాలి. "మా నాన్న లొకేషన్ చూస్తాడ్రా, చంపేస్తాడు" అని నాన్న మీద తోసేసే వీలుంటే ఇంకా తేలిక. ఆ సాకు వాడుకోమని నాన్నే ముందుగా చెప్పి ఉంచొచ్చు. బండి తాళం ఇచ్చే పెద్దలకు ఇంకో సంగతి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక, మైనర్ బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది.

పదకొండైనా నిద్ర రాదు, ఐదైనా మెలకువ రాదు

రెసిడెన్షియల్ కాలేజీ దినచర్య తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఐదింటికి బెల్. ముఖం కడుక్కుని స్టడీ అవర్. టిఫిన్, క్లాసులు, భోజనం, క్లాసులు, మళ్లీ స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు వదులుతారు. బకెట్ కోసం లైన్, బట్టలు ఉతుక్కోవడం, పక్క మంచం వాడితో రెండు మాటలు. పడుకునేసరికి పదకొండున్నర. అంటే ఐదున్నర గంటల నిద్ర. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణుల సంఘాలు చెబుతున్నాయి. కనీసం ఎనిమిది అనుకున్నా రోజుకు రెండున్నర గంటలు బాకీ. వారంలో ఆరు రోజులకు 15 గంటలు. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకున్నా తీరేది కాదు. పైగా ఆ ఆదివారమే వీక్లీ టెస్టు.

"త్వరగా పడుకోవచ్చుగా?" అంటారు. శరీరం ఒప్పుకోదు. యుక్తవయసు మొదలయ్యాక మెదడులోని గడియారం ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది. చీకటి పడ్డాక నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా ఊరుతుంది. బ్రౌన్ యూనివర్సిటీలో మేరీ కార్స్‌కాడన్ దశాబ్దాలుగా ఈ విషయం మీదే పనిచేశారు. పగలంతా మేలుకున్నకొద్దీ పెరిగే నిద్రమత్తు కూడా ఈ వయసులో మెల్లగా పెరుగుతుందని ఆమె బృందం చూపించింది. రెండూ కలిసి రాత్రి పదకొండు దాటినా కళ్లు మూతపడనివ్వవు, ఉదయం ఐదింటికి లేపితే మనిషిని మనిషిగా ఉండనివ్వవు. ఈ ఆలస్యం సుమారు ఇరవై ఏళ్ల దగ్గర గరిష్ఠానికి చేరి, తర్వాత మళ్లీ వెనక్కి వస్తుంది. ఇందులో బద్ధకం పాత్ర చాలా తక్కువ. ఫోన్ ఉంటే మాత్రం ఈ ఆలస్యం ఇంకా సాగుతుంది.

తెల్లవారుజామున లేచి చదివితే బుర్రకెక్కుతుందని మన పెద్దలు అంటారు. ఆ మాట పుట్టిన రోజుల్లో ఊళ్లో రాత్రి ఎనిమిదికల్లా దీపాలు ఆర్పేసేవాళ్లు. నాలుగింటికి లేచినా ఎనిమిది గంటల నిద్ర అయ్యేది. అర్ధరాత్రి పడుకున్న పిల్లని నాలుగింటికి లేపి ఆ మాట చెబితే సగమే పాటించినట్టు.

నిద్ర తగ్గితే మొదట దెబ్బతినేది ఆలస్యంగా పక్వమవుతున్న ఆ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ పనే. శ్రద్ధ నిలవదు. ఊరికే కోపం వస్తుంది. అమ్మ "కూర ఎలా ఉంది?" అని అడిగితే కంచం తోసేసి లేచిపోతారు. ఇంకో సంగతి, పగలు చదివింది గుర్తుండిపోయేలా సర్దుకునేది నిద్రలోనే. రాత్రి రెండో సగంలో కలలొచ్చే నిద్ర ఎక్కువగా ఉంటుంది. పెందలాడే లేపితే కోత పడేది ఆ సగానికే. పరీక్ష ముందు నైటవుట్ చేసినవాళ్లకు హాల్లో "చదివాను, కానీ గుర్తురావట్లేదు" అనిపించడానికి కారణం చాలావరకు ఇదే.

దీన్ని పట్టించుకున్న చోట్లు ఉన్నాయి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే మిడిల్ స్కూళ్లు, హైస్కూళ్లు ఉదయం 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని సిఫార్సు చేసింది. కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. 2022 జులై నుంచి అక్కడి హైస్కూళ్లు చాలావరకు 8:30 కంటే ముందు మొదలవడం లేదు. మన దగ్గర ఎనిమిదిన్నరకల్లా ఇంటర్ పిల్లలకు మూడో గంట చదువు నడుస్తుంటుంది.

కాలేజీ టైమింగ్స్ మార్చడం ఒక విద్యార్థి చేతిలో లేదు. చేతిలో ఉన్నవి ఇవి. ఉదయం లేవగానే పది, పదిహేను నిమిషాలు ఆరుబయట వెలుతురులో ఉండాలి. బాల్కనీ అయినా, డాబా అయినా సరే. ఆలస్యంగా నడిచే మెదడు గడియారాన్ని దారికి తెచ్చే మంచి మందు అది, పైసా ఖర్చు లేదు. టీ, కాఫీ సాయంత్రం నాలుగు దాటాక మానేయాలి. కెఫీన్ సగం తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి ఎనిమిదింటి టీ ఒంటిగంటకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకు మంచిదే, సాయంత్రం ఆరింటికి తీస్తే రాత్రి నిద్ర పోతుంది. ఆదివారం రోజూ కంటే ఓ గంటో రెండు గంటలో ఎక్కువ పడుకోండి. పన్నెండు దాకా పడుకుంటే సోమవారం ఇంకా ఘోరంగా ఉంటుంది.

ఫోన్ విషయానికొస్తే, నీలి కాంతి గురించి చెప్పినంత ప్రమాదం కాంతిలో లేదు. ప్రమాదమంతా రీల్స్ ఆగకపోవడంలో ఉంది. ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే వస్తుంది. ఆపే పని మళ్లీ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మీదే పడుతుంది, అదేమో రాత్రి పన్నెండుకు బాగా అలిసిపోయి ఉంటుంది. కాబట్టి మనసు గట్టి చేసుకుందామని చూడటం దండగ. చార్జర్‌ని హాల్లో పెట్టండి. అలారం కోసమైతే ఓ చిన్న గడియారం కొనుక్కోండి. ఈ రూల్ అమ్మానాన్నలకు కూడా వర్తిస్తేనే ఇంట్లో నిలబడుతుంది. నాన్న మంచం మీద యూట్యూబ్ చూస్తూ కొడుకుని ఫోన్ హాల్లో పెట్టమంటే వినేదెవరు?

చదివింది నిలవాలంటే

వాడిన కనెక్షన్ గట్టిపడుతుందని పైన చెప్పుకున్నాం. చదువులో "వాడటం" అంటే చాలామంది మళ్లీ మళ్లీ చదవడం అనుకుంటారు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ పరిశోధకులు 2006లో దీన్ని పరీక్షించారు. ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడుసార్లు పుస్తకం మూసి గుర్తున్నదంతా రాసింది. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత చదివినవాళ్లకు సుమారు 40 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు సుమారు 61 శాతం.

ఐదు నిమిషాల తర్వాత బాగా ఉండటమే మోసం చేస్తుంది. స్కెచ్ పెన్‌తో గీతలు గీసిన పేజీ మూడోసారి చూస్తే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయడం మొదలుపెట్టాక కదా అసలు రంగు బయటపడేది. ఆ తడుముకునే కష్టమే పనిచేస్తుంది. ఒక చాప్టర్ ఇవాళ, మూడు రోజులకు, పది రోజులకు ఇలా మూసి రాస్తే, ఒకే రోజు నాలుగు గంటలు కూర్చున్నదానికంటే తక్కువ సమయంలో ఎక్కువ నిలుస్తుంది. ఆ మిగిలిన సమయాన్ని నిద్రకు ఇవ్వొచ్చు.

రక్తం, ఆట

ఏకాగ్రత కుదరడం లేదంటే బ్రెయిన్ టానిక్ కొనిచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి. దానికంటే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019–21 లెక్కల ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. మగపిల్లల్లో 31 శాతం. ఐరన్ రక్తానికే కాదు, మైలిన్ పొర తయారీకి, డోపమిన్ అనే మెదడు రసాయనం తయారీకి కూడా కావాలి. నీరసం, చిరాకు, చదువు మీద మనసు నిలవకపోవడం చూసి "దీనికి పొగరు" అనుకునే కేసుల్లో కొన్ని ఉత్త రక్తహీనతే.

ప్రభుత్వ స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర ఐరన్, ఫోలిక్ యాసిడ్‌ది. కడుపులో తిప్పుతుందని చాలామంది పారేస్తారు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయపడొద్దు, అది మామూలే. తోటకూర, మునగాకు, రాగులు, పల్లీలు, మాంసం తినేవాళ్లకు కార్జం. పప్పులోనో కూరలోనో కాస్త నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. టిఫిన్‌తో పాటే టీ తాగితే సరిగ్గా ఒంటబట్టదు, గంట ఆగాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు రోజూ సగటున గంటసేపు ఒళ్లు అలిసే ఆట కావాలంటుంది. అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో నడిచే కాలేజీలో గంటసేపు ఎక్కడ ఆడతారు? మెట్లెక్కడం, బస్టాప్ దాకా వడివడిగా నడవడం, రూములోనే స్కిప్పింగ్, ఏదో ఒకటి. అసలు లేకపోవడం కంటే పది నిమిషాలు మేలు.

సిగరెట్, గుట్కా, వేప్ గురించి ఒక్క ముక్కే. ఏ కనెక్షన్ ఉంచాలో ఏది తీసేయాలో మెదడు తేల్చుకుంటున్న రోజుల్లో నికొటిన్ అందులో చేరితే తర్వాత వదిలించుకోవడం చాలా కష్టం, ఎంత చిన్న వయసులో మొదలైతే అంత కష్టం. ఈ-సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. స్కూళ్లు, కాలేజీల చుట్టూ వంద గజాల లోపు పొగాకు అమ్మకూడదన్న చట్టం కూడా ఉంది. గేటు ఎదురుగా పాన్ డబ్బా ఉంటే ఫిర్యాదు చేయొచ్చు.

మూడ్ బాగోలేకపోవడం వేరు, జబ్బు వేరు

ఈ వయసులో మూడ్ పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండటం మామూలే. అలాగని అన్నిటినీ "వయసు" ఖాతాలో రాసేయకూడదు. 10–19 ఏళ్లవాళ్లలో ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2005లో అమెరికాలో ప్రచురించిన పెద్ద సర్వేలో, జీవితంలో ఎప్పుడైనా మానసిక జబ్బు వచ్చినవాళ్లలో సగం మందికి అది 14 ఏళ్లలోపే మొదలైందని తేలింది. మెదడు తనను తాను తిరగరాసుకునే రోజులే దానికి దెబ్బ తగిలే రోజులు కూడా.

పెద్దవాళ్లలో డిప్రెషన్ అంటే దిగులు, ఏడుపు. టీనేజర్లలో అది తరచూ చిరాకులా, మొండితనంలా కనిపిస్తుంది. గుర్తుపట్టడానికి మూడు విషయాలు గమనించండి. రెండు వారాలు దాటి అలాగే ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసినవి, క్రికెటో పాటలో డ్రాయింగో, మానేశారా? ఫ్రెండ్స్‌తో కూడా మాట్లాడటం తగ్గించారా? అమ్మానాన్నలతో మాట్లాడకపోవడం ఆ వయసులో వింతేమీ కాదు. ఫ్రెండ్స్‌కి కూడా దూరమయ్యారంటే మాత్రం ఆలోచించాల్సిందే.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి పెద్దవాళ్లు భయపడతారు, లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమోనని. అలా కాదని పరిశోధనలు చెబుతున్నాయి. మెల్లగా, పక్కన కూర్చుని అడిగితే చాలామందికి గుండె తేలికపడుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మీరే ఆ పరిస్థితిలో ఉంటే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. మార్కులు తగ్గాయన్న టెన్షన్‌కైనా, నిద్ర పట్టట్లేదన్నా ఫోన్ చేయొచ్చు. ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగక్కర్లేదు.

మామూలు టెన్షన్‌కు చేతిలో ఉన్న ఉపాయం ఒకటి చెబుతాను, పరీక్ష హాల్లో కూడా పనికొస్తుంది. గాలి పీల్చినంతసేపు కంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా రెండు నిమిషాలు ఊపిరి తీయండి. నాలుగు అంకెలు పీల్చి, ఆరు అంకెలు వదలడం. గుండె దడ తగ్గుతుంది. దాంతో సిలబస్ పూర్తవదు, కానీ వచ్చిన జవాబు మర్చిపోకుండా ఉంటారు.

కాలేజీలో చేర్చే ముందు

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. వందమంది, అంతకంటే ఎక్కువమంది విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. స్టార్ బ్యాచ్‌లు, వారం వారం మారే సెక్షన్లు, గోడ మీద అంటించే ర్యాంకుల లిస్టు చూసి పెరిగినవాళ్లకు ఈ రెండో మాట ఎంత పెద్దదో అర్థమవుతుంది. ఈడువాళ్ల చూపే బహుమతి అయిన వయసులో, వాళ్ల ముందు పరువు తీయడం కంటే పెద్ద శిక్ష లేదు. "అందరి ముందూ అంటేనే బుద్ధొస్తుంది" అనే లెక్చరర్లకూ, చుట్టాల ముందు మార్కులు చదివి వినిపించే మేనత్తలకూ ఇది వర్తిస్తుంది.

అడ్మిషన్ల సీజన్‌లో పీఆర్వోలు ఇంటికొచ్చి ర్యాంకుల పాంప్లెట్ చేతిలో పెడతారు. ఫీజు ఎంత తగ్గిస్తారని బేరమాడే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు, పొద్దున బెల్ ఎన్నింటికి? కౌన్సెలర్ ఉన్నారా, ఉంటే ఒకసారి మాట్లాడించగలరా? సెక్షన్లు ఏ లెక్కన మారుస్తారు? ఆడుకోవడానికి చోటుందా, రోజుకు ఎంతసేపు వదులుతారు? పీఆర్వోకి మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఐదింటికే లేపుతామని ఆయన గొప్పగా చెప్పుకోవాలనుకునే విషయమది. ఆయన చెప్పే రెండు టైముల మధ్య ఎన్ని గంటలున్నాయో అక్కడే ఆయన ఎదురుగా లెక్కపెట్టి చూపించండి.